అర్మేనియాకి ఎనిమిది రోజులు: రాత్రులు యెరెవాన్ బయట గడపండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: సెప్టెంబర్ చివర్లో అమ్మానాన్నలతో ఎనిమిది రోజులు అర్మేనియా వెళ్తున్నారు. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు. అమ్మగారు మాంసం, గుడ్డు ముట్టరు. రాజధాని యెరెవాన్‌లో హోటల్ తీసుకుని రోజూ టూర్ బస్సులో వెళ్లి రమ్మని అందరూ చెబుతున్నారు. అక్కడి మనుషులు అతిథుల్ని బాగా చూసుకుంటారని విన్నారు, అది మీలాంటి కొత్తవాళ్లకి అనుభవంలోకి ఎలా వస్తుందని అడిగారు.

ఉద్యోగరీత్యా యెరెవాన్‌లో కొన్నేళ్లు ఉన్నాను. ఇండియా నుంచి, గల్ఫ్ నుంచి వచ్చిన చుట్టాలనీ స్నేహితులనీ తిప్పే పని నా మీదే పడేది. కాబట్టి మొహమాటం లేకుండా చెబుతున్నాను. మీ ఎనిమిది రోజుల్లో కనీసం నాలుగు రాత్రులు రాజధాని బయట, ఊళ్లలోని గెస్ట్‌హౌసుల్లో గడపండి. టూర్ బస్సు చౌకే, సులువే. కానీ అది పొద్దున్నే బయల్దేరి ఖోర్ విరాప్, నోరావాంక్, తాతేవ్ మఠాలు మూడూ ఒకే రోజులో చుట్టేసి అర్ధరాత్రి దగ్గర్లో వెనక్కి తెచ్చి దింపుతుంది. తాతేవ్ ఒక్కటే యెరెవాన్ నుంచి 250 కిలోమీటర్ల చిల్లర, చాలావరకు కొండదారి. ఒక్కో చోట అరగంట, ముప్పావుగంట. ఆదరణ అనేది అక్కడ సాయంత్రం జరిగే వ్యవహారం. ఇంటివాళ్లు తోటపని ముగించుకుని, వరండాలో బల్ల పరిచి, కాఫీ పొయ్యి మీద పెట్టే వేళకి మీరు బస్సులో కునికిపాట్లు పడుతూ ఉంటారు.

అమ్మానాన్నలతో వెళ్లడం మీకు కలిసొచ్చే విషయం. అర్మేనియన్లకి పెద్దవాళ్లంటే గౌరవం ఎక్కువ. ఒంటరిగా వీపున సంచీతో వచ్చిన కుర్రాడికి కాఫీ ఇస్తే, తల్లిదండ్రుల్ని వెంటబెట్టుకుని వచ్చినవాడికి భోజనమే పెడతారు. మీ అమ్మగారికీ ఆ ఇంటి తాతిక్‌కీ, అంటే బామ్మగారికీ, ఒక్క మాట కూడా ఉమ్మడిగా లేకపోయినా వంటింట్లో గంటసేపు గడిచిపోతుంది. నేను చాలాసార్లు చూశాను. పెద్దవాళ్లకి రష్యన్ వస్తుంది, పిల్లలకి ఇంగ్లిష్ వస్తుంది. మిగతాది ఫోన్‌లో గూగుల్ ట్రాన్స్‌లేట్ చూసుకుంటుంది.

దారి సంగతి. డ్రైవర్‌తో సహా కారు మాట్లాడుకోండి. ముగ్గురు మనుషులకి టూర్ టికెట్లతో పోలిస్తే మరీ ఎక్కువేం కాదు, పైగా నాన్నగారు ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగుతుంది. మొదటి రెండు రాత్రులు యెరెవాన్. తర్వాత సెవాన్ సరస్సు మీదుగా ఉత్తరాన దిలిజాన్, అక్కడ రెండు రాత్రులు. అక్కడి నుంచి మళ్లీ యెరెవాన్ రాకుండా సెవాన్ పడమటి ఒడ్డు వెంబడి దక్షిణంగా దిగి, నోరాతుస్ చూసుకుని, సెలిమ్ కనుమ దాటి యెఘెగ్నాద్జోర్ లేదా అరేనీ. మర్నాడు గోరిస్. అక్కడి నుంచి తాతేవ్ చూసుకుని రాజధానికి తిరుగు ప్రయాణం. చివరి రాత్రి యెరెవాన్‌లోనే పెట్టుకోండి, విమానం రోజున కొండదారుల్లో టెన్షన్ వద్దు.

ఈ దారిలో నాకు బాగా ఇష్టమైనది సెలిమ్ కనుమ. ఉత్తరాన దిలిజాన్ చుట్టూ దట్టమైన అడవులు, తేమ, పొగమంచు. సెవాన్ సముద్రమట్టానికి 1,900 మీటర్ల ఎత్తులో ఉంటుంది, ఎండ ఉన్న రోజున నీళ్లు కళ్లు చెదిరేంత నీలం. కనుమ పైకి, 2,400 మీటర్ల ఎత్తుకి చేరేసరికి ఒక్క చెట్టు ఉండదు, గడ్డి కొండలు, గొర్రెల మందలు. పై నుంచి కాస్త కిందికి దిగగానే 1332లో కట్టిన సత్రం కనిపిస్తుంది. ఒంటెలతో, గుర్రాలతో వచ్చిన వర్తకులు పశువులతో సహా రాత్రి తలదాచుకున్న చోటు. నల్లరాయి, కిటికీల్లేని పొడవాటి గది, పైకప్పులో వెలుతురుకి కంతలు. లోపల పశువులు మేత తిన్న రాతి తొట్లు ఇంకా ఉన్నాయి. అక్కడ నిలబడి దక్షిణానికి చూస్తే ఎర్రటి, పసుపుపచ్చటి ఎండు కొండలు, మధ్యలో ద్రాక్షతోటలు. ఒక్క పూటలో మూడు వేర్వేరు దేశాలు దాటినట్టు అనిపిస్తుంది. టూర్ బస్సుల్లో చాలావరకు ఈ కనుమ ఎక్కవు.

నోరాతుస్‌లో ఆగడం మరిచిపోకండి. పాత శ్మశానం, వందల సంఖ్యలో ఖచ్‌కార్లు, అంటే శిలువ చెక్కిన నిలువు రాళ్లు. ఏ రెండింటి చెక్కడమూ ఒకేలా ఉండదు. ఈ కళని 2010లో యునెస్కో తన జాబితాలో చేర్చుకుంది. ఊళ్లోని ముసలమ్మలు అక్కడ కూర్చుని ఊలు సాక్సులు అల్లి అమ్ముతారు. కొనండి, గోరిస్ చలికి పనికొస్తాయి.

సెవాన్ దగ్గర ఒక విషయం గమనించండి. 874 నాటి సెవానావాంక్ మఠం ఒకప్పుడు దీవి మీద ఉండేది. సోవియట్ రోజుల్లో సాగుకీ కరెంటుకీ నీళ్లు తోడేయడంతో సరస్సు దాదాపు 20 మీటర్లు దిగిపోయి, ఆ దీవి ఒడ్డుకి అతుక్కుపోయింది. మఠానికి మెట్లు ఎక్కువ. నాన్నగారిని కింద కాఫీ కొట్టు దగ్గర కూర్చోబెట్టినా నష్టం లేదు, సరస్సు అక్కడికీ కనిపిస్తుంది.

నోరావాంక్‌కి సాయంత్రం వెళ్లండి. ఎర్రటి కొండచరియల మధ్య ఇరుకు లోయ చివర 13, 14 శతాబ్దాల గుళ్లు. పొద్దు వాలేటప్పుడు కొండ మొత్తం నిప్పు రంగుకి తిరుగుతుంది. బస్సువాళ్లు మిట్టమధ్యాహ్నం వచ్చి పోతారు, మీరు అరేనీలో పడుకుంటారు కాబట్టి ఆ హడావిడి లేదు. 1339లో కట్టిన రెండంతస్తుల గుడికి ముందుగోడ మీదే సన్నటి రాతిమెట్లు ఉంటాయి, చేతికి పట్టు ఏమీ ఉండదు. నాన్నగారు వాటి జోలికి వెళ్లొద్దు. మీరు ఎక్కినా దిగేటప్పుడు గోడవైపు తిరిగి దిగండి.

అరేనీ గుహలో సుమారు 6,000 ఏళ్ల కిందటి వైన్ తయారీ చోటు బయటపడింది, 5,500 ఏళ్ల నాటి తోలు చెప్పు కూడా దొరికింది. చెప్పు ఇప్పుడు యెరెవాన్‌లోని చరిత్ర మ్యూజియంలో ఉంది. మీరు వెళ్లేది ద్రాక్షకోతల కాలం. ఊళ్లో ఏ ఇంటి ముందు చూసినా బుట్టలు, తొట్లు, చేతులకి మరకలు. కారు ఆపి ఊరికే చూస్తూ నిలబడితే చాలు, ఓ గుత్తి చేతిలో పెట్టకుండా పంపరు.

తాతేవ్ మఠానికి వొరోతాన్ లోయ మీదుగా రోప్‌వే ఉంది, 2010లో మొదలైంది. పొడవు 5.7 కిలోమీటర్లు, దాటడానికి పన్నెండు నిమిషాలు పడుతుంది. మోకాళ్లకి అస్సలు శ్రమ లేదు. టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి, సోమవారం అయితే నడుస్తోందో లేదో చూసుకోండి. గాలి ఎక్కువైతే ఆపేస్తారు కాబట్టి ఆ రోజు వేరే పనేదీ పెట్టుకోవద్దు.

యెరెవాన్ గురించి పొట్టిగా. క్రీస్తుపూర్వం 782లో ఉరార్తు అనే ప్రాచీన రాజ్యపు రాజు అర్గిష్తి కట్టించిన ఎరెబూని కోటతో మొదలైన ఊరు, కానీ ఇప్పుడు కనిపించేది ఎక్కువగా 1924 తర్వాత అలెగ్జాండర్ తమనియాన్ ప్లాన్‌తో లేచిన గులాబీరంగు టఫ్ అనే అగ్నిపర్వత రాతి నగరం. కాస్కేడ్ అనే పెద్ద మెట్లకట్టడంలో మెట్లు 572, లోపల ఎస్కలేటర్లు ఉన్నాయి, నాన్నగారికి దారి అదే. మతెనదరాన్ అనే ప్రతుల భాండాగారంలో దాదాపు 23,000 చేతిరాత ప్రతులు ఉన్నాయి, సగం పూట కేటాయించండి. రోడ్ల పక్కన పుల్‌పులాక్ అనే చిన్న రాతి కుళాయిల్లో చల్లటి తాగేనీళ్లు ఎప్పుడూ పారుతుంటాయి, సీసాలు కొనే పని లేదు. రాత్రి పది తర్వాత కూడా కుటుంబాలు పిల్లలతో వీధుల్లో తిరుగుతుంటాయి.

గార్నీలోని ప్రాచీన గుడి, గెఘార్ద్ మఠం రెండూ యెరెవాన్ నుంచి సగం రోజు. గెఘార్ద్‌లో కొంత భాగం కట్టింది, కొంత భాగం కొండని తొలిచి చేసింది. లోపలి గదిలో మెల్లగా ఒక స్వరం తీసినా గోడలు దాన్ని చాలాసేపు పట్టుకుంటాయి. అమ్మగారు పాడగలిగితే ఎవరూ లేని సమయం చూసి ఒక త్యాగరాజ కీర్తన మొదటి పాదం పాడమనండి. అక్కడివాళ్లు ఏమీ అనుకోరు, పైగా చప్పుడు చేయకుండా నిలబడి వింటారు. దారిలో ఆడవాళ్లు పెద్ద గుండ్రటి గాతా రొట్టెలు అమ్ముతారు. పైన నగిషీ, లోపల వెన్న, పంచదార కలిపిన పూర్ణం. అమ్మగారికి కొనేముందు ఆగండి, పైపూతకి గుడ్డు వాడతారు.

గుళ్లలో ఎలా మసలుకోవాలో కొంచెం. క్రీ.శ. 301లో ప్రపంచంలో మొదట క్రైస్తవాన్ని రాజ్యమతం చేసుకున్నది తామేనన్నది వాళ్ల ఆత్మగౌరవానికి పునాది. సన్నటి తేనెమైనపు కొవ్వొత్తులు కొని ఇసుక పళ్లెంలో గుచ్చుతారు, మీరూ వెలిగించవచ్చు. బయటికి వచ్చేటప్పుడు చాలామంది గర్భాలయానికి వీపు చూపకుండా వెనక్కి నడుస్తూ వస్తారు. గెఘార్ద్ దగ్గర, ఖోర్ విరాప్ దగ్గర ఆదివారాల్లో కోడినో గొర్రెపిల్లనో తెచ్చినవాళ్లు కనిపిస్తారు. అది మతాఘ్ అనే మొక్కు. మన పోలేరమ్మ గుడి దగ్గర మొక్కు తీర్చుకోవడం లాంటిదే, కాకపోతే వండిన మాంసం ఇరుగుపొరుగుకీ పేదలకీ పంచి తీరాలి. దారినపోయే మిమ్మల్నీ పిలుస్తారు. అమ్మగారు తినరని గుండె మీద చెయ్యి పెట్టి నవ్వుతూ చెబితే చాలు, రొట్టె, జున్ను, ఆకుకూరలు ముందుకి జరుపుతారు.

ఖోర్ విరాప్‌కి మాత్రం పొద్దున్నే వెళ్లండి, యెరెవాన్ నుంచి 40 కిలోమీటర్లే. అరరాత్ పర్వతం ఉదయం పూట స్పష్టంగా కనిపిస్తుంది, ఎండ ముదిరాక మసకబారుతుంది. ఆ మతం మార్పుకి కారకుడైన సాధువు గ్రిగోర్ లుసావోరిచ్‌ని 13 ఏళ్లు బంధించారని చెప్పే గోతిలోకి నిలువు ఇనుప నిచ్చెన ఉంది, నాన్నగారికి వద్దు. బయట పావురాలు అమ్ముతారు, కోరిక కోరుకుని వదలమంటారు. అవి నేరుగా యజమాని గూటికే తిరిగి వెళ్తాయి, ఆ డబ్బుతో ఎండు ఆప్రికాట్లు కొనుక్కోండి. 5,137 మీటర్ల ఆ పర్వతం వాళ్ల రాజముద్ర మీద ఉంది, కానీ నేల టర్కీది, 1993 నుంచి ఆ సరిహద్దు మూసే ఉంది. కళ్లెదుట ఉన్నా చేరుకోలేని కొండ అది. దాని మీద జోకులు వేయకండి.

ఇక తిండి. మీ అమ్మగారి విషయంలో మీరు అనవసరంగా భయపడుతున్నారు. అర్మేనియా అంటే కాల్చిన మాంసం, ఖొరొవాత్స్ అనే పేరు పడింది కానీ వాళ్ల చర్చిలో ఉపవాసాలు చాలా ఎక్కువ. ఉపవాసం, అంటే పాస్, పాటించేవాళ్లు మాంసం, పాలు, గుడ్డు అన్నీ మానేస్తారు. అందుకని ప్రతి ఇల్లాలికీ ఆ వంటలు వచ్చు. గెస్ట్‌హౌస్ వాళ్లకి ముందురోజే “పాస్ భోజనం, పాలు పెరుగు ఫర్వాలేదు” అని మెసేజ్ పెట్టండి, అర్థమైపోతుంది. చికెన్ కూడా వద్దని విడిగా చెప్పండి.

జింగ్యాలోవ్ హాత్స్ తప్పకుండా తినండి. పదికి పైగా రకాల ఆకుకూరలు సన్నగా తరిగి, పల్చటి పిండిలో పెట్టి మూసి పెనం మీద కాల్చే రొట్టె. ఇది కరాబాఖ్ వంట, అంటే అజర్‌బైజాన్‌లో అర్మేనియన్లు ఉండిన కొండప్రాంతానిది. 2023 సెప్టెంబర్‌లో అజర్‌బైజాన్ దాడి తర్వాత లక్షమందికి పైగా అర్మేనియన్లు కరాబాఖ్ వదిలి వచ్చేశారు, వాళ్లు మొదట చేరుకున్న ఊళ్లలో గోరిస్ ఒకటి. యెరెవాన్‌లో ఈ రొట్టె చేసే ఆడవాళ్లలో కొందరు ఇల్లూ వాకిలీ వదిలేసి వచ్చినవాళ్లే. ఎక్కడివారని మీరు ఆరాలు తీయకండి, వాళ్లంతట వాళ్లు చెబితే వినండి.

అవెలుక్ అనే అడవి కూర దొరుకుతుంది. మన చుక్కకూర కుటుంబమే, ఆకుల్ని జడలుగా అల్లి ఎండబెట్టి ఏడాదంతా వాడతారు. వాల్‌నట్, వెల్లుల్లి వేసి చేస్తారు, అమ్మగారికి నచ్చి తీరుతుంది. పప్పులూ గోధుమరవ్వా క్యాబేజీ ఆకులో చుట్టిన పాస్ తొల్మా, గుమ్మడికాయలో అన్నం, ఎండుపళ్లు కూరిన ఘపామా, కాల్చిన వంకాయ, మిరపకాయ ఉంటాయి. పెరుగుని మాత్సున్ అంటారు. ఉప్పు వేసిన మజ్జిగ తాన్ ప్రతి కొట్టులోనూ దొరుకుతుంది. ఒక్క జాగ్రత్త: స్పాస్ అనే వేడి పెరుగు సూప్ చూడటానికి అమాయకంగా ఉంటుంది కానీ పెరుగు విరగకుండా అందులో గుడ్డు కలుపుతారు. అడగకుండా తినిపించకండి. నూనె, ఉప్పు, కొత్తిమీర పుష్కలం, కారం మాత్రం తక్కువ. ఒక చిన్న సీసా ఆవకాయ తీసుకెళ్లండి, మీకోసమే కాదు, ఇంటివాళ్లకి రుచి చూపించడానికి.

లవాష్ చేయడం చూసే అవకాశం ఊళ్లలోనే దొరుకుతుంది. నేలలో పాతిన మట్టిపొయ్యి, తొనీర్, చుట్టూ ఆడవాళ్లు. ఒకరు ఉండలు చేస్తారు, ఒకరు పల్చగా ఒత్తుతారు, ఇంకొకరు దాన్ని దిండు మీద సాగదీసి వేడిగోడకి చరుస్తారు. నిమిషంలోపే రొట్టె పైకి వచ్చేస్తుంది. ఎండబెట్టి నెలల తరబడి దాచి, కావలసినప్పుడు నీళ్లు చిలకరించి మెత్తబరుస్తారు. 2014లో ఇదీ యునెస్కో జాబితాకెక్కింది. గెస్ట్‌హౌస్ ఎంచుకునేటప్పుడు తొనీర్ ఉందా అని అడగండి, స్విమ్మింగ్ పూల్ కన్నా అది ముఖ్యం.

బల్ల దగ్గర మర్యాదలు. కాఫీ చిన్న కప్పులో, అడుగున మడ్డితో వస్తుంది, చివరి గుక్క వదిలేయండి. మందు పోసేటప్పుడు ఎవరో ఒకరు లేచి మాట్లాడతారు: అతిథుల కోసం, తల్లిదండ్రుల కోసం, పోయినవాళ్ల కోసం. పోయినవాళ్ల పేరు మీద తాగేటప్పుడు గ్లాసులు తాకించరు. తాగకపోతే బలవంతం పెట్టరు, పళ్ల కంపోత్ గ్లాసు ఎత్తి వాళ్లతో పాటు నిలబడితే సరిపోతుంది. మీ వంతు వచ్చినప్పుడు నాలుగు మాటలు చెప్పాల్సిందే, తెలుగులో చెప్పినా సంతోషిస్తారు. ఎవరైనా ఇంటికి పిలిస్తే డబ్బు ఇవ్వబోకండి, అవమానంగా తీసుకుంటారు. పిల్లలకి మిఠాయిలో, ఇంటావిడకి పూలో తీసుకెళ్లండి. పూలు బేసి సంఖ్యలోనే ఉండాలి, సరిసంఖ్య చావు ఇంటికి. గెస్ట్‌హౌస్ అయితే లెక్క ప్రకారం ఇచ్చేయండి, అది వాళ్ల జీవనోపాధి. డ్రైవర్‌ని భోజనానికి మీ బల్ల దగ్గరే కూర్చోబెట్టుకోండి, విడిగా కూర్చోబెడితే మీ గురించి మంచిగా అనుకోరు.

మాటలు కలపడానికి మనకి మంచి కారణాలున్నాయి. ప్రపంచంలో మొదటి అర్మేనియన్ పత్రిక ‘అజ్దరార్’ 1794లో మద్రాసులో అచ్చయింది. చదువుకున్న అర్మేనియన్ ఎవరికైనా ఈ సంగతి తెలుసు, మీకూ తెలుసని తెలిస్తే ముఖం వెలిగిపోతుంది. హైదరాబాద్ ఉప్పుగూడలో 17వ శతాబ్దపు అర్మేనియన్ వర్తకుల సమాధులు ఉన్నాయని చెప్పండి, ఇది మాత్రం చాలామందికి తెలియదు. కుదిరితే వెళ్లేముందు అక్కడ రెండు ఫోటోలు తీసుకుని ఫోన్‌లో పెట్టుకోండి. పెద్దవాళ్లు రాజ్ కపూర్ పేరు ఎత్తుతారు. డ్రైవర్లయితే మనదేశం నుంచి అర్మేనియా కొన్న ఆకాశ్ క్షిపణుల గురించి అడుగుతారు, అవి తయారుచేసే భారత్ డైనమిక్స్ (బీడీఎల్) మన హైదరాబాద్‌దే అంటే ఆ రోజు కాఫీ డబ్బులు మీరు ఇవ్వలేరు. యెరెవాన్‌లో మెడిసిన్ చదివే మనదేశపు పిల్లలు చాలామంది ఉన్నారు, ఇండియన్ రెస్టారెంట్లూ ఉన్నాయి. అమ్మగారికి ఒకపూట అన్నం, పప్పు కావాలంటే ఇబ్బంది లేదు.

ఊళ్లకి బయల్దేరేముందే త్సిత్సెర్నకబెర్ద్‌కి వెళ్లి రండి. 1915లో మొదలైన నరమేధంలో చనిపోయిన దాదాపు 15 లక్షల మంది కోసం 1967లో కట్టిన స్మారకం. లోపలికి వాలిన 12 రాతిపలకల మధ్య మంట ఆరకుండా వెలుగుతుంటుంది. పక్కనే మ్యూజియం. ఫోటోలు గుండె తట్టుకోలేనివి, అమ్మానాన్నలకి ముందే చెప్పండి. ఇది చూశాక బల్ల దగ్గర పోయినవాళ్ల కోసం గ్లాసు ఎందుకు ఎత్తుతారో వేరే ఎవరూ వివరించక్కర్లేదు.

మిగిలిన చిల్లర విషయాలు. ఈ-వీసా విదేశాంగ శాఖ సొంత సైట్‌లోనే తీసుకోండి, మధ్యవర్తుల సైట్లు రెట్టింపు గుంజుతాయి. గల్ఫ్ రెసిడెన్సీ ఉన్నవాళ్లకి నిబంధనలు వేరు, మారుతుంటాయి కూడా, టికెట్ కొనేముందు చూసుకోండి. దుబాయ్, షార్జాల నుంచి విమానం మూడు గంటలు, కొంచెం అటూ ఇటూ. రూపాయికి దాదాపు నాలుగు డ్రాములు (అక్కడి డబ్బు) వస్తాయి. యెరెవాన్‌లో కార్డు అంతటా చెల్లుతుంది, ఊళ్లలో నగదు ఉండాలి. ఊరి లోపల యాండెక్స్ టాక్సీ యాప్ వాడండి, బేరాల గొడవ ఉండదు. పొరుగుదేశాల్లో జార్జియా, ఇరాన్ సరిహద్దులే తెరిచి ఉన్నాయి. అజర్‌బైజాన్ సరిహద్దు వెంబడి దారుల పరిస్థితి బయల్దేరేముందు డ్రైవర్‌ని అడగండి. యెరెవాన్‌లో పగలు చొక్కా చాలు. దిలిజాన్, గోరిస్‌లలో రాత్రి జాకెట్ కావాలి, గెస్ట్‌హౌస్‌లో హీటర్ ఉందో లేదో అమ్మానాన్నల కోసం ముందే అడిగి పెట్టుకోండి.

తిరుగు ప్రయాణంలో ఆతిథ్యం ఇచ్చినవాళ్లు జాడీల కొద్దీ జామ్ చేతిలో పెడతారు, ముఖ్యంగా పచ్చి వాల్‌నట్ కాయల పాకం. వద్దంటే ఊరుకోరు. వాటిని చెక్-ఇన్ సూట్‌కేసులో బట్టల మధ్య చుట్టి పెట్టండి, చేతిసంచీలో పెడితే ఎయిర్‌పోర్టులో తీసి పక్కన పెట్టేస్తారు. వెళ్లేటప్పుడే సూట్‌కేసులో నాలుగైదు కిలోల జాగా ఖాళీ ఉంచుకోండి.